నాలుగు క్వింటాళ్ల ఐదు కిలోలు

మొన్న కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మీటింగులో, మధ్యాహ్నం భోజనాలయ్యి సగం మందికి కళ్లు మూతలు పడుతున్న టైములో, రిసోర్స్ పర్సన్‌గా వచ్చిన సార్ ఒక మాట అన్నాడు. "ఇప్పుడు ట్రైనింగ్ కోసం ఎవ్వరూ ఎక్కడికీ పోవాల్సిన పన్లేదు. టీచర్‌కు సోషల్ మీడియానే పెద్ద ట్రైనింగ్ సెంటర్" అని. అందరం తలలూపాం. ఊపుతూనే చేతుల్లో ఫోన్లు చూసుకుంటున్నాం కాబట్టి ఆయన మాట అక్కడికక్కడే రుజువైనట్టు కూడా అనిపించింది.

నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అది నిజమని చెప్పడానికి నా ఫోన్లోనే సాక్ష్యం ఉంది, అబద్ధమని చెప్పడానికీ నా ఫోన్లోనే ఉంది. నేను హనుమకొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఉద్యోగం పేరు మీద నా ఫోన్లో పద్నాలుగు వాట్సాప్ గ్రూపులు, మూడు టెలిగ్రామ్ గ్రూపులు ఉన్నాయి. ఇన్నేళ్లలో వాటిల్లో నాకు పాఠం చెప్పడం నేర్పింది ఒకే ఒక్కటి. అందులో ఉన్నది తొమ్మిది మందిమి. అదొక్కటే ఎందుకు పనికొచ్చింది అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: "ఇవాళ నాకు చెప్పరాలేదు" అని రాసుకునే వీలున్న చోటనే టీచర్ ఏమన్నా నేర్చుకుంటాడు. వెయ్యి మంది ఉన్న చోట ఆ వీలుండదు. పై అధికారి ఉన్న చోట అసలే ఉండదు.

పెద్ద గ్రూపు ముచ్చట

ఉమ్మడి వరంగల్ లెక్కల టీచర్లకు ఒక పెద్ద గ్రూపుంది. వాట్సాప్ వాళ్లు 2022లో సభ్యుల పరిమితిని 512కి, అదే ఏడాది 1024కి పెంచినప్పుడు మా అడ్మిన్ సార్ పండగ చేసుకున్నాడు. అప్పటిదాకా పాపం గ్రూప్-1, గ్రూప్-2, గ్రూప్-3 అని నడుపుతూ ప్రతి మెసేజ్ మూడుసార్లు పంపేవాడు. అందులో ఏముంటుందో చదివేవాళ్లలో టీచర్లకు నేను చెప్పక్కర్లేదు. డీఏ ఎప్పుడు, పీఆర్సీ ఏమైంది, బదిలీల సీనియారిటీ లిస్టు, రిటైరైన సార్లకు శాలువాలు, పొద్దుగాల అయిదింటికే సూర్యోదయం బొమ్మతో శుభోదయం, "ఎవరి దగ్గరైనా 8వ తరగతి ఇయర్ ప్లాన్ ఉంటే పెట్టగలరు ప్లీజ్", ఆ వెంటనే నలుగురు పెట్టిన ఒకే పీడీఎఫ్. పాఠం చెప్పడం గురించి వచ్చేవి వారానికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంతవరకు రాసి, దీన్ని వెక్కిరిస్తూ ముగించొచ్చు. కానీ అది అన్యాయం. తాడ్వాయి దిక్కు అడవిలో ఏకోపాధ్యాయ బడిలో పనిచేసే మిత్రుడితో ఒకసారి ఇదే వెక్కిరింపుగా మాట్లాడితే ఆయన నవ్వలేదు. "మీకు స్టాఫ్ రూమ్ ఉంటది సార్. నా బడిల నేనే హెడ్‌మాస్టర్‌ని, నేనే స్టాఫ్‌ను. సిగ్నల్ దొరికినప్పుడు అందులో ఎవడో గుడ్ మార్నింగ్ పెట్టినా నాకు మంచిగనే అనిపిస్తది" అన్నాడు. నోరు మూసుకున్నాను. కరోనాకు బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ టీవీ చానల్లో పాఠాలు మొదలైనప్పుడు ఏ తరగతికి ఏ టైములో ఏ పాఠమో, వర్క్‌షీట్ ఎక్కడ దొరుకుతుందో మాకు చెప్పింది ఆ గ్రూపే. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖలు గీసి, ఆ బిందువును వేలితో జరిపి పిల్లలకు చూపించడం కూడా ఒక సార్ అందులో పెట్టిన వీడియో చూసే నేర్చుకున్నాను. ఆ సార్ ఎవరో ఇప్పటికీ నేను చూడలేదు.

అంటే ఎలా చెయ్యాలో తెలిసిన పని పెద్ద గ్రూపుల్లో, యూట్యూబులో బాగానే ప్రయాణం చేస్తుంది. నా క్లాసులో నా ముందు కూర్చున్న పిల్లవాడికి ఎందుకు రావట్లేదు అన్నది మాత్రం ప్రయాణం చెయ్యదు. దాన్ని ఎవరో ఒకరు బయటపెట్టాలి కదా. పెడితే ముందు తన పరువే బయటపడుతుంది.

ఆ పత్తి లెక్క

మా 7వ తరగతిలో దశాంశాలు. పిల్లల్లో సగం మంది పత్తి రైతుల ఇళ్లవాళ్లే. బోర్డు మీద ఇలా రాశాను: ఎనుమాముల మార్కెట్లో పత్తి 4 క్వింటాళ్ల 5 కిలోలు తూగింది, దీన్ని క్వింటాళ్లలో దశాంశంగా రాయండి. పుస్తకంలో లేని లోకల్ ఉదాహరణ ఇచ్చానని లోపల్లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

నోటుపుస్తకాలు చూస్తూ బెంచీల మధ్య నడిచాను. 4.5. పక్కవాడిదీ 4.5. చూసి రాశారేమో అనుకుని అటు చివరి వరసకు పోతే అక్కడా 4.5. వెనక బెంచీ పిల్లగాడొకడు చాలా శ్రద్ధగా రాసి కింద రెండు గీతలు కొట్టి పెట్టాడు, పెన్సిల్‌తో స్కేలు పెట్టి. "4.5 అంటే నాలుగున్నర కదరా, ఇంకో 45 కిలోల పత్తి ఎక్కడి నుంచి పుట్టించినవ్?" అన్నాను. వాడు నా దిక్కు అయోమయంగా చూసి, "మరి గా చుక్క ఎందుకు సార్? చుక్కకు ఇటు క్వింటాళ్లు, అటు కిలోలు" అన్నాడు.

నేనేం చేశానంటే, మనమందరం చేసేదే చేశాను. పదోవంతు స్థానం, వందోవంతు స్థానం అని అదే విషయం ఇంకొంచెం గట్టిగా చెప్పాను. అందరూ కొట్టేసి 4.05 అని రాసుకున్నారు. సరే అని 6.12 పెద్దదా 6.5 పెద్దదా అని అడిగితే 6.12కే చేతులు లేచాయి, పన్నెండు ఐదు కంటే పెద్దది కాబట్టి. బెల్లు కొట్టారు. మర్నాడు ఇంకో పీరియడ్ చెప్పాను. అంతే.

ఆ సాయంత్రం వాడి నోటుపుస్తకం ఫోటో, పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి తీసింది, మా తొమ్మిది మంది గ్రూపులో పెట్టి ఇలా రాశాను: "రెండు పీరియడ్లు పోయినయ్. ఎక్కలేదు. తప్పు వాళ్లదో నాదో తెలుస్తలేదు." పెట్టేముందు రెండుసార్లు చెరిపేశాను, పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉన్నవాడు దశాంశాల దగ్గర ఆగిపోయానని రాయడం అంత సులువు కాదు.

మొదటి జవాబు మహబూబాబాద్ దిక్కు సార్ నుంచి. "మా దగ్గర ఎత్తు సార్. 5.10 ఉన్నోడు 5.9 ఉన్నోడి కంటే పొడుగే కదా? పోరలు చెప్పేది తప్పెట్లయితది?" నిజమే. ఐదడుగుల పది అంగుళాలను మనమందరం ఐదు పాయింట్ పది అనే అంటాం. తర్వాత క్రికెట్ వచ్చింది: 19.5 ఓవర్ల మీద ఒక్క బంతి పడితే 20. తర్వాత టైము: తొమ్మిదిన్నరను 9.30 అని రాస్తాం, అందులో 30 అంటే సగం. ఇంకొకరు ఫోన్ తీసి చూసి మరీ పెట్టారు, యాప్ అప్‌డేట్ 2.9 తర్వాత 2.10 వస్తుందట. గంట గడిచేసరికి, పిల్లవాడు రోజూ చూసే చుక్కలన్నీ ఒక్కచోటికి చేరాయి. వాటిల్లో ఏ ఒక్కటీ మా పాఠంలోని చుక్క కాదు. బయట చుక్క అంటే రెండు కొలతల మధ్య కట్టిన గోడ. ఓవర్లకైతే ఆరు బంతుల గోడ, అడుగులకు పన్నెండు, గంటలకు అరవై. పిల్లలకు రాకపోవడం కాదు, ఇంకో చుక్కను బాగా నేర్చుకుని వచ్చారు. నేను వాళ్లకు తెలియనిది చెబుతున్నాననుకున్నాను కానీ, వాళ్లకు తెలిసినదానికి ఎదురు చెబుతున్నానని నాకు తట్టలేదు.

రాత్రి పదకొండు దాటాక ములుగు మేడం రాసింది. ఆమె ఎప్పుడూ ఆ టైముకే వస్తుంది. "సార్, మీ పత్తి లెక్కది కూడా అదే గోడ కదా. క్వింటాళ్లు, కిలోలు అని రెండు పేర్లు మీరే ఇచ్చారు. గోడ మీరే కట్టి పిల్లగాడు దూకలేదంటే ఎట్ల?"

కొంచెం గుచ్చుకుంది. నేను మురిసిపోయిన లోకల్ ఉదాహరణే వాణ్ణి తప్పుదారి పట్టించింది. ఏ ట్రైనింగులోనైనా నా లెసన్ ప్లాన్ చూస్తే ఆ ఉదాహరణకే శభాష్ అని ఉండేవాళ్లు.

మర్నాడు చుక్కలన్నీ బోర్డు మీద రాసి, ఒక్కోదాని దగ్గర ఒకటే ప్రశ్న అడిగాను: చుక్కకు అటు ఎన్ని అయితే ఇటు ఒకటి పెరుగుతుంది? ఆరు, పన్నెండు, అరవై అని చెప్పుకుంటూ పోయి పత్తి దగ్గరికి వచ్చేసరికి ఆ వెనక బెంచీవాడే లేచాడు. "నూరు కిలోలు సార్. అంటే తొంభై తొమ్మిది దాకా పట్టాలె కదా, రెండు గదులు కావాలె. ఐదు ఒక్కటే ఉంటే ముందర గది ఖాళీ." వాడు సున్నా అనే మాట అనలేదు. బోర్డు దగ్గరికి వచ్చి సున్నా పెట్టి పోయాడు. ఆ తర్వాత పరీక్షలో అందరూ రాసేశారని మాత్రం చెప్పను, కొందరు మళ్లీ 4.5 దగ్గరికే పోయారు. కానీ వాళ్లెందుకు పోయారో ఈసారి నాకు తెలుసు.

కాజాలు, గుండీలు

జీన్ లేవ్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1970ల్లో లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లను గమనించింది. అక్కడ పని వెనక నుంచి ముందుకు నేర్చుకుంటారు. మొదట గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం, తర్వాత మిషను మీద కుట్టడం, చివరాఖరికి గుడ్డ కత్తిరించడం. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మన దగ్గర ఏ టైలర్ షాపులో చూసినా అంతే కదా, కొత్తగా చేరిన పిల్లగాడు కాజాలు, గుండీల దగ్గరే కూర్చుంటాడు. ఎవరూ పాఠం చెప్పరు. వాడు కూర్చున్న చోటు నుంచి అన్నీ కనబడతాయి. ఆన్‌లైన్ గ్రూపుల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఆధారంగా తీసుకుని, మెసేజ్ పెట్టకుండా చూస్తూ ఉండేవాళ్లు కూడా నేర్చుకుంటున్నట్టే అంటుంటారు.

ఒప్పుకుంటాను, కానీ ఒక్క తేడా ఉంది. టైలర్ షాపులో ఆ పిల్లగాడికి పాడైన గుడ్డ కూడా కనబడుతుంది. మేస్త్రీ చెయ్యి జారి చంక దగ్గర ఎక్కువ కత్తిరించడం, తల పట్టుకోవడం, పట్టీ వేసి సర్దడం, గిరాకీకి సర్ది చెప్పడం, ఇవన్నీ వాడి కళ్లముందే జరుగుతాయి. మా పెద్ద గ్రూపుల్లో కనబడేవి ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించిన చొక్కాలే. బోర్డు ముందు నవ్వుతున్న పిల్లలు, రంగురంగుల టీఎల్ఎం (బోధన సామగ్రి), కింద ఇరవై చప్పట్ల ఎమోజీలు. అవి చూసి కొత్త టీచర్ నేర్చుకునేది ఒక్కటే, అందరికీ వస్తోంది, నాకొక్కడికే రావట్లేదు అని.

పెద్దసారును కలిపిన రోజు

మా చిన్న గ్రూపు కూడా ఒకసారి చచ్చి బతికింది. మాలో ఒకరు గౌరవం కొద్దీ ఒక అధికారిని అందులో కలిపారు. ఆయన చెడ్డవాడు కాదు, ఒకప్పుడు లెక్కలు చెప్పినవాడే, మంచి మనిషి. మొదటిరోజు "నమస్తే సార్, స్వాగతం సార్" అని ఎనిమిది మెసేజ్‌లు. రెండోరోజు నుంచి ఫోటోలు. వారం తిరిగేసరికి "గౌరవ సార్ గారి సూచనల మేరకు నిర్వహించిన" అనే వాక్యం కూడా వచ్చింది. "పిల్లలకు ఎక్కలేదు" అనే మెసేజ్ మళ్లీ రాలేదు. ఆయనకే అనుమానం వచ్చిందేమో, "ఎవరికైనా బోధనలో సమస్యలుంటే నిస్సంకోచంగా రాయండి" అని పెట్టాడు. రేపు మన బడికి విజిట్‌కు వచ్చే మనిషికి నిస్సంకోచంగా ఎలా రాస్తాం? రెండు నెలలు చూసి, ఆయన లేకుండా ఇంకో గ్రూపు పెట్టుకున్నాం. పాతది ఇప్పటికీ ఉంది, అందులో ఉగాదికి, దసరాకు శుభాకాంక్షలు చెప్పుకుంటాం. ఆయన ఇది చదివితే నన్ను క్షమించాలి.

ఇంకో సంగతి దీనికంటే బాధాకరం. 2024 డీఎస్సీలో వచ్చిన ఒక కొత్త మేడం, చేరి నెలన్నర కూడా కాకముందు, ఒక మండల గ్రూపులో ఇలా రాసింది: "9వ తరగతిలో సగం మందికి భాగహారం రావట్లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? సీనియర్లు చెప్పగలరు." నేను చూసిన గ్రూపుల్లో ఇంత నిజమైన ప్రశ్న ఇంకోటి రాలేదు. మొదటి జవాబు: "కింది తరగతుల్లో ఏం చెప్పారో మరి." కింది తరగతులకు చెప్పే ఎస్జీటీలకు కోపమొచ్చింది, రాదా మరి. అర్ధరాత్రి దాకా ఎస్జీటీలకు, హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్లకు మధ్య యుద్ధం. స్క్రీన్‌షాట్లు ఇంకో నాలుగు గ్రూపులకు పోయాయి. మర్నాడు ఆమెను పిలిచి, "అమ్మా, బడి ముచ్చట బజార్ల ఎందుకు పెట్టినవ్?" అని అడిగారు. ఆమె మెసేజ్ డిలీట్ చేసింది. భాగహారం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

గంటల లెక్క

ఇప్పుడు దీన్నంతా పద్ధతిలో పెట్టాలన్న మాట వినబడుతోంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంది. ఆ మాటలో నాకేమీ తప్పు కనబడదు. కానీ గంటలు లెక్కపెట్టడం మొదలుకాగానే మనం ఏం చేస్తామో నాకు తెలుసు, నేనే చేశాను కాబట్టి. టీచర్లకు కేంద్రం పెట్టిన నిష్ఠ శిక్షణ 2020 అక్టోబర్‌లో దీక్ష అనే పోర్టల్‌లో ఆన్‌లైన్ అయినప్పుడు మొత్తం 18 మాడ్యూళ్లు. మొదటి రెండు మూడు బుద్ధిగా చదివాను, బాగున్నాయి కూడా. తర్వాత వీడియో మ్యూట్‌లో పెట్టి ఆన్సర్ షీట్లు దిద్దుకున్నాను. క్విజ్ జవాబులు ఎలాగూ గ్రూపులో వచ్చేవి. సర్టిఫికెట్లన్నీ వచ్చాయి, ఫోన్ మార్చినప్పుడు పోయాయి కూడా. తప్పు శిక్షణది కాదు, సర్టిఫికెట్ కోసం చూసిన నాది. కానీ రేపు గ్రూపుల్లో చర్చను కూడా గంటల్లోకి తీసుకుంటామంటే, "చాలా బాగుంది సార్" అని రోజుకు పదిసార్లు పెట్టేవాడు అందరికంటే నేర్చుకున్నవాడవుతాడు.

టెట్ (టీచర్ అర్హత పరీక్ష) సంగతీ ఒక ముక్క. సర్వీసులో ఉన్నవాళ్లు కూడా పాసవ్వాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక టెలిగ్రామ్‌లో బిట్లే బిట్లు. టెన్షన్ నాకు అర్థమవుతుంది, యాభై దాటినవాళ్లు రాత్రిళ్లు పిల్లల ఎదుగుదల గురించి పియాజే చెప్పిన దశలు బట్టీ పడుతున్నారు. కానీ ఆ బిట్లలో మునిగిన గ్రూపుల్లో మిగతా మాట ఏదీ వినబడట్లేదు. ఇంతకంటే దాని గురించి రాయబుద్ధి కావట్లేదు.

నా మీద నాకున్న అనుమానాలు

ఇదంతా మా సీనియర్ ఒకాయనకు చెబితే, రిటైరయ్యి హనుమకొండలో ఉంటున్నాడు, "గిది కొత్తదేం కాదయ్యా" అన్నాడు. బ్రిటన్ సాయంతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ఏపీపీఈపీ అనే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు రోజుల్లో చుట్టుపక్కల బడుల వాళ్లంతా టీచర్స్ సెంటర్‌లో కలిసేవాళ్లట, చార్టులు గీసుకుని, ఒకరి ముందు ఒకరు పాఠం చెప్పి చూపించుకుని, తిట్టుకుని, చాయ్ తాగి ఇంటికి పోయేవాళ్లట. "ఫోన్ల రాస్తే రాత అయితది. ఎదురుంగ చెప్తే గాలికి పోతది. అందుకే అప్పుడు చెప్పుకున్నం." దీనికి నా దగ్గర జవాబు లేదు. కాంప్లెక్స్ మీటింగులు నిజంగా అలా జరిగితే నాకు ఈ గ్రూపు అవసరమే ఉండకపోవచ్చు. అక్కడ ఇప్పుడు ఎజెండా చదవడానికే పొద్దు గూకుతోంది.

ఇంకో అనుమానం ములుగు మేడం వల్లే వచ్చింది. మేం మగవాళ్లం ఎనిమిదింటికి కుర్చీలో కాళ్లు చాపుకుని చర్చ పెడతాం. ఆ టైముకు ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, పిల్లల హోంవర్క్ చూసి, పదకొండింటికి ఫోన్ తీసేసరికి చర్చ అయిపోయి ఉంటుంది. అన్నింటికంటే పనికొచ్చే మాట ఆమెదే అవుతోందని మాకు అర్థం కావడానికే ఏడాది పట్టింది. ఆన్‌లైన్‌లో ఎప్పుడైనా ఎక్కడైనా నేర్చుకోవచ్చంటారు కదా, ఆ 'ఎప్పుడైనా' ఆమెకు రాత్రి పదకొండు. రాత్రి పదకొండింటికి కూడా పని చేయించే ఏర్పాటును మంచిదనాలా చెడ్డదనాలా నాకు తేలట్లేదు.

మరి తొమ్మిది మందిలో చేరలేని వాళ్ల సంగతేంటి? తాడ్వాయి మిత్రుణ్ణి ఇన్నాళ్లూ మేం పిలవలేదు, ఆయన ఎస్జీటీ, మాది హైస్కూల్ లెక్కల గ్రూపు అని. ఇది రాస్తున్నప్పుడే సిగ్గనిపించింది. భాగహారం గురించి మాకంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఇలాంటి చిన్న గ్రూపులు ప్రతి మండలంలో పెట్టమని ఆర్డర్ ఇవ్వొచ్చు కదా అంటారు. ఇస్తే, సోమవారం పొద్దున "గ్రూపులో ఈ వారం పంచుకున్న వైఫల్యాలు ఎన్ని" అని గూగుల్ ఫామ్ వస్తుంది. నాకు మన డిపార్ట్‌మెంట్ మీద అంత నమ్మకం ఉంది.

అన్నట్టు, పోయిన నెల ఆ భాగహారం మేడంను మా గ్రూపులో కలిపాం. పదో మనిషి. చేరిన రోజు నమస్తే అని పెట్టింది, తర్వాత మూడు వారాలు ఒక్క మాట లేదు. కాజాలు, గుండీల దగ్గర కూర్చుందిలే అనుకున్నాం. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మెసేజ్ వచ్చింది: "ఇవాళ నా క్లాసు మొత్తం పోయింది సార్. రేపు మళ్లీ అదే క్లాసు, మొదటి పీరియడ్." దాని కింద చాలాసేపు ఏమీ లేదు. నేనూ ఏం రాయాలో తెలియక ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ధైర్యం చెబుదామని రెండు వాక్యాలు టైప్ చేసి, కొట్టేశాను. పదకొండుంబావుకు ములుగు మేడం టైపింగ్ అని కనబడింది.

"ఏ లెక్క దగ్గర పోయిందమ్మా? బోర్డు ఫోటో ఉందా?"